మంచానికి చిక్కుడు పాదు, సొరుగులో తోటకూర

ఒడిశా గజపతి జిల్లాలోని మా పర్లాకిమిడిలో ఈ మధ్య ఏ వీధికి వెళ్లినా ఒక పెంకుటిల్లు పడగొడుతూనో, దాని చోట స్లాబు పోస్తూనో కనిపిస్తారు. కొత్త ఇంటికి డబుల్ కాట్ వస్తుంది, గోడలో అలమరాలు వస్తాయి. పాత పట్టె మంచం, కాలు ఊగే బల్ల, తలుపు సరిగా పడని బీరువా వరండాలోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి చేరతాయి. కబాడీ అతను వస్తే ఇనుముకి కిలో లెక్కన ఏదో ఇస్తాడు. చెక్కను మాత్రం చూడనట్టే నటిస్తాడు. మంచి చేవ ఉన్న చెక్క చివరికి కల్యాణ మండపం వెనక పొయ్యిలోకి పోతుంది.

ఆ సామానును పెరటికి ఎలా పనికొచ్చేలా చేసుకోవచ్చో, నేను చేసినవీ చెడగొట్టినవీ కలిపి చెబుతాను. మొదట చెడగొట్టినదే. ఒక టీవీ స్టాండును శుభ్రంగా తోమి, ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసి, దాని మీద కుండీలు పేర్చాను. జూన్‌లో పెట్టాను. ఆగస్టుకి పూరీలా పొంగి, పొరలు పొరలుగా విడిపోయింది. అది చెక్క కాదు, చెక్క పొట్టును జిగురుతో నొక్కిన పలక. పైన అతికించిన టేకు రంగు కాగితం చూసి మోసపోయాను.

మనకి జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, ఆ చివర తుఫాను భయం. ఇంత వానలోనూ మంచి చెక్క ఏళ్లు నిలుస్తుంది. తడిసి, మళ్లీ ఆరే వీలుంటే చాలు. నీరు నిలిచిన చోట, మట్టి అంటుకుని ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట మాత్రం పుచ్చిపోతుంది. కింద చెప్పే పనులన్నిటి వెనకా ఉన్నది ఈ లెక్క ఒక్కటే: నీరు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది?

ఏది బయటికి, ఏది వద్దు

సామాను బోర్లా తిప్పి, రంగు వెయ్యని అడుగు భాగం చూడండి. రంపం కోత కనిపించే చోట చెక్క నారలు బారుగా ఉంటే అసలు చెక్క. పొరలు కనిపిస్తే ప్లైవుడ్, పొట్టు కనిపిస్తే నొక్కిన పలక. ఈ రెండూ పెరటికి పనికిరావు. పాత టేకు, గుగ్గిలం (ఒడియా వాళ్లు శాల అంటారు) దొరికితే అదృష్టమే. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. అయితే టేకు అనగానే అంతా టేకు కాదు. మానులో బెరడు వైపు ఉండే తెల్ల చెక్కకి చేవ ఉండదు, చెద ముందు దాన్నే తింటుంది. మామిడి చెక్క రెండు వానాకాలాలు చూస్తే ఎక్కువ. దాన్ని చూరు కింద పెట్టే పనులకే వాడండి.

తర్వాత రంగు సంగతి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన ఉయ్యాల, కుర్చీ, బల్ల వీటిలో సీసం ఉందనుకునే పని మొదలుపెట్టండి. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లి తడిగా రుద్దాలి, ముక్కుకి మాస్క్ కట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. కింద పరిచిన కాగితాలతో సహా ఆ బురదని చుట్టి పారెయ్యాలి. అంత శ్రమ వద్దనుకుంటే అలాంటి సామానులో పూల మొక్కలు పెట్టుకోండి, తినేవి పెట్టకండి.

ఇంకొకటి. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే మన చిన్న రైలు లైను పెద్దదయ్యాక, అప్పటి పట్టాల కింది స్లీపర్ దుంగలు ఎవరింట్లోనైనా బెంచీగా ఉంటే ఆకుకూరల మడికి గట్టుగా వాడకండి. రైలు స్లీపర్లకి పుచ్చకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవారు. అది మట్టిలోకి దిగుతుంది.

విప్పడం, ఆరబెట్టడం

ఈ పని ఫాల్గుణం నుంచి వైశాఖం లోపల పెట్టుకోండి. ఎండకి చెక్క పూర్తిగా ఆరుతుంది, నూనె పడుతుంది, తొలకరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి. శ్రావణంలో మొదలుపెడితే చెమ్మని లోపల ఉంచి పైన పూత వేసినట్టే.

సామాను వారం రోజులు ఎండలో ఉంచండి. నేల మీద కాదు, ఇటుకల మీద. తర్వాత పాత స్క్రూడ్రైవర్ మొనతో అతుకుల దగ్గర, కాళ్ల చివర గట్టిగా పొడిచి చూడండి. సులువుగా లోపలికి దిగితే ఆ ముక్క పుచ్చినట్టే. గుండుసూది తలంత బెజ్జాలు, కింద తెల్లటి పిండి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటిది మిగతా సామాను దగ్గర కూడా ఉంచకండి.

ఊగే అతుక్కి మేకు కొట్టకండి. ప్రతి వడ్రంగి దగ్గరా తిట్లు తిని నేర్చుకున్న మాట ఇది. మేకు తుప్పు పట్టి లావవుతుంది, చుట్టూ చెక్క పగులుతుంది, ఆ పగుల్లోకి నీరు దిగుతుంది. అతుకు విప్పి, పాత జిగురు గీకి, పక్కన సన్నటి చెక్క చీలిక దిగ్గొడితే చాలు. మరీ వదులైతే ఆ మూలన లోపలి వైపు బోల్టు, నట్టు, వాషరు వెయ్యండి. జింకు పూత ఉన్నవి అడిగి తీసుకోండి.

కాళ్ల సంగతి

అందరూ పైన మెరుస్తున్న పలకకి నాలుగు పూతలు వేసి, కాళ్ల అడుగులు వదిలేస్తారు. చెక్క ప్రాణం అక్కడే ఉంది. చెట్టులో నీరు పైకెక్కే దారులు చెక్కగా మారినా అలాగే ఉంటాయి. అడ్డంగా కోసిన కొన అంటే ఆ దారులన్నీ నోళ్లు తెరుచుకున్న చోటు. పక్కల కన్నా ఆ కొన ఎన్నో రెట్లు ఎక్కువ నీరు పీలుస్తుంది. మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు ఎప్పుడూ కింద నుంచే పుచ్చడానికి కారణం ఇదే.

కాబట్టి సామానుని తలకిందులు చేసి, కాళ్ల అడుగులకి అవిసె నూనె పట్టించండి. రంగుల దుకాణంలో దొరుకుతుంది. మొదటి పూత టర్పెంటైన్‌తో సగానికి సగం పలచన చేసి వెయ్యండి, లోపలికి దిగుతుంది. అరగంటకోసారి పోస్తూ, ఇక పీల్చడం లేదనే దాకా పోస్తూనే ఉండండి. మర్నాడు పలచన చెయ్యని నూనె ఇంకో పూత. పక్కలకి ఒక పూత చాలు. మడిలోపల, మట్టి తగిలే వైపు మాత్రం ఏ నూనె, ఏ రంగూ వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకండి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడెక్కుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. తీగ మీద విప్పి ఆరేసి, గట్టిపడ్డాకే పారెయ్యండి. లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

కాలు ఎప్పుడూ నేలని తాకకూడదు. కింద ఒక రాతి పలకో, సిమెంటు ఇటుకో పెట్టండి. చెద నేలలోంచి మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తుంది. రాయి మీద ఆ గొట్టం కంటికి కనిపిస్తుంది, వారానికోసారి చీపురుతో రాలగొడితే సరిపోతుంది. చీమల కోసం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే అలవాటు మాత్రం పెరట్లో వద్దు. మన గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నిలిచిన నీటిలో దోమ గుడ్డు వారం, పది రోజుల్లో రెక్కలు తొడుక్కుంటుంది.

పట్టె మంచం నుంచి మడిచే పందిరి

ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇది, అందుకే కాస్త విడమరిచి చెబుతాను. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మంచాన్ని నిలబెడితే చిక్కుడుకి, కాకరకి, తీగ బచ్చలికి సరిపోయే పందిరి అవుతుంది. ఆనపకి చాలదు. అది మంచం దాటి గోడెక్కి పక్కింటి వాళ్ల డాబా మీద కాయలు కాస్తుంది.

మొదట్లో నేనూ రెండు గుంజలు పాతి, మంచాన్ని వాటికి బిగించి కట్టేద్దామనుకున్నాను. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. ఆకులు దట్టంగా అల్లుకున్న మంచం ఒక తెరచాప. గంటకు 100 కిలోమీటర్ల గాలి దాని మీద ఎదురుగా పడితే సుమారు 80 కిలోల బరువుతో తోసినంత బలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, మన జిల్లానే కుదిపేసింది. రెండూ సరిగ్గా చిక్కుడు పాదు ఒత్తుగా ఉండే రోజులే. గాలికి ఎదురు నిలిచే పందిరి కాకుండా, ముందు రోజే పడుకోబెట్టగలిగే పందిరి కావాలి.

1. నవారు విప్పి దాచుకోండి, తర్వాత పనికొస్తుంది. కోళ్లని పట్టెకి పైనా కిందా రెండేసి అంగుళాలు వదిలి కోసెయ్యండి. అంతకన్నా దగ్గరగా కోస్తే అతుకు విడిపోతుంది. కోసిన ప్రతి కొనకీ నూనె పట్టించండి.

ఈ మొదటి అంకెకే మా ఇంట్లో రెండు నెలలు పట్టింది. "మీ తాతయ్య పడుకున్న మంచంరా, కోళ్లు కోస్తావా?" అని అమ్మ అడ్డుపడింది. ముందే అడిగి, ఒప్పించి, ఆ తర్వాతే రంపం ముట్టుకోండి. ఎంతకీ మనసొప్పకపోతే కొయ్యక్కర్లేదు. మంచాన్ని మంచంలాగే నాలుగు సిమెంటు దిమ్మల మీద ఎత్తి, నవారు బదులు కొబ్బరి తాడు వెడల్పు అల్లికగా అల్లి, పక్కన దోస పెట్టండి. తీగ పైన పాకుతుంది, కాయ కింద వేలాడుతుంది, మట్టి అంటదు.

2. ఒకటిన్నర అంగుళాల ఇనుప యాంగిల్ ముక్కలు రెండు, ఒక్కోటి 3 అడుగులు, వెల్డింగ్ షాపులో కోయించి, పై కొనకి రెండంగుళాల కింద అర అంగుళం బెజ్జం పెట్టించండి. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు రెండు పూతలు వెయ్యండి.

3. మంచం వెడల్పు కొలిచి, దాని బయటి అంచులకి సరిగ్గా ఒక్కో యాంగిల్ వచ్చేలా రెండు గుంతలు తియ్యండి. రెండడుగుల లోతు దించి కాంక్రీటు పొయ్యండి. కాంక్రీటు పైభాగం నేలకన్నా కొంచెం ఎత్తుగా, వాలుగా ఉంటే నీరు జారిపోతుంది. వారం రోజులు నీళ్లు చల్లుతూ వదిలెయ్యండి.

4. మంచం నిలువు పట్టెల్లో, కింది కొన నుంచి నాలుగంగుళాల పైన, అడ్డంగా బెజ్జం వేసి, యాంగిల్‌కి బోల్టుతో బిగించండి. బెజ్జం లోపలికీ నూనె పోసి, రెండు వైపులా వాషర్లు పెట్టండి. మరీ బిగించకండి, మంచం తలుపులా తిరగాలి. కింది పట్టెకి, నేలకి మధ్య ఆరంగుళాల ఖాళీ మిగలాలి.

5. అడ్డంగా ప్రతి 8 అంగుళాలకి జిఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ), నిలువుగా కొబ్బరి తాడు కట్టండి. చిక్కుడు తనంతట తాను చుట్టుకుంటుంది. కాకర మాత్రం నులితీగలతో పట్టుకుంటుంది, లావు పట్టె దానికి చిక్కదు, సన్నవి కావాలి.

6. పై మూలల నుంచి ముందుకి రెండు, వెనక్కి రెండు నైలాన్ తాళ్లు లాగి, నాలుగైదు అడుగుల దూరంలో దిగ్గొట్టిన మేకులకి కట్టండి. లాగితే ఊడే ముడి వెయ్యండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి టార్చి పట్టుకుని చిక్కుముడి విప్పడం కన్నా టెన్షన్ ఇంకోటి లేదు.

విత్తనం మంచానికి ముందు వైపు, జానెడు దూరంలో పెట్టండి. మూడడుగులకి మూడు చిక్కుడు మొక్కలు చాలు. గాలివాన వస్తుందంటే మొదట వెనక వైపు వేలాడే కాయలన్నీ కోసెయ్యండి. ముందు వైపు తాళ్లు విప్పి, ఇద్దరు పట్టుకుని మంచాన్ని నెమ్మదిగా వెనక్కి వాల్చి, ఇటుకల మీద పడుకోబెట్టి, అడ్డంగా తాడు వేసి మేకులకి కట్టండి. తీగ పైవైపే ఉంటుంది, మొదలు కదలదు. రెండో రోజు మళ్లీ లేపితే కొన్ని ఆకులు చిరిగి ఉంటాయి, అంతే.

పాత రకం చిక్కుడు పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. ఆషాఢంలో వేసి భాద్రపదంలో "పూత లేదు, మంచం దిష్టి" అనకండి. సంక్రాంతికి కాయ ఉంటుంది, రథసప్తమికి ఆకూ ఉంటుంది.

సొరుగులు

బల్ల సొరుగుల అడుగు సాధారణంగా పలచటి ప్లై ముక్క. దాన్ని తీసి, వేలెడు సందులతో చెక్క బద్దలు కొట్టండి. వాటిపైన ఉతికిన బియ్యం బస్తా పరిచి, అంచులు పైకి తెచ్చి, మట్టి మట్టానికి కాస్త కింద చిన్న మేకులతో బిగించండి. ఎండ తగిలితే బస్తా ఏడాదిలో పొడిపొడి అవుతుంది, అందుకే మట్టి కిందే దాగాలి. అడుగు మంచి చెక్కే అయితే బద్దలు అక్కర్లేదు, జానెడుకొకటి చొప్పున వేలు దూరే బెజ్జాలు వెయ్యండి. అడుగున కంకర పొర వేస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది చెబుతారు. నిజానికి నీరు మట్టిలోంచి కంకరలోకి తొందరగా దిగదు, ఆ పైన మట్టిలోనే ఆగుతుంది. కంకర వేసిన మేర వేరుకి మట్టి తగ్గుతుంది, మిగిలేది అదే. బెజ్జం మీద ఒక పెంకు ముక్క చాలు.

మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), ఒక పాలు కొబ్బరి పొట్టు, పైన రెండు గుప్పెళ్లు వేప పిండి. రెండడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అర అడుగు లోతు సొరుగు తడిసిన మట్టితో 40 కిలోలు దాటుతుంది. ముందే చోటు చూసుకుని, అక్కడ పెట్టాకే నింపండి. అర అడుగు లోతు తోటకూరకి, పాలకూరకి, మెంతికి, కొత్తిమీరకి సరిపోతుంది. వంగ, మిరప పెట్టకండి, వాటికి అడుగు లోతు కావాలి. తోటకూర వేసిన 25 నుంచి 30 రోజులకి కోతకొస్తుంది. మెంతి, పాలకూర చలి పడ్డాక వెయ్యండి. నడివానలో కొత్తిమీర వేస్తే కుళ్లిన వాసనే మిగులుతుంది. నేను వేశాను.

కోసేసిన మంచం కోళ్లు నాలుగూ నిండు సొరుగు కింద కాళ్లుగా వాడాను. లోపలి మూలల్లో ఒక్కోదానికి రెండేసి బోల్టులు, అడుగున అడ్డ బద్ద ఒకటి. పీట మీద కూర్చుని ఆకు కోసుకునే ఎత్తు వచ్చింది. అమ్మ ఆ సొరుగుకే ముందు నీళ్లు పోస్తుంది. పక్కింటి ఒడియా మాస్టారు గోడ మీంచి చూసి "ఖట ఉపరే శాగ!" అని నవ్వారు. మంచం మీద ఆకుకూరట.

ఇనుప బీరువా

తలుపులు, అద్దం ఊడదీసి, వెనక్కి పడుకోబెట్టండి. లోపలి అరలు తియ్యకండి. బీరువా పడుకుంటే అరలు నిలువు గోడలవుతాయి. తడి మట్టి తోపుకి పక్క రేకులు ఉబ్బకుండా పట్టుకుంటాయి, ఒక్కో గదికి ఒక్కో పంట వేసుకోవచ్చు. వెనక రేకుకి నిండా బెజ్జాలు, బయట గీకి రెడ్ ఆక్సైడ్, ఆపైన ఎనామిల్, లోపల గోనె, కింద రెండు వరసల ఇటుకలు. వైశాఖపు ఎండకి రేకు కాలుతుంది, పడమటి ఎండ పడని చోటు చూడండి.

దీన్ని డాబా మీదికి ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి. ఆరున్నర అడుగుల బీరువాలో అడుగు లోతు మట్టి అంటే 550 లీటర్లు, తడిస్తే 700 కిలోల పైమాట. మనుషులు తిరిగే డాబాకి, కట్టడాల మీద పడే బరువులకి మన దేశంలో ఉన్న ఐఎస్ 875 ప్రమాణం లెక్కేసేది చదరపు మీటరుకి 150 కిలోలు. బీరువా కింద అది రెండున్నర రెట్లు దాటిపోతుంది. బీరువా తలుపులు మాత్రం పారెయ్యకండి, వానాకాలం బురదలో నడిచే దారికి పనికొస్తాయి. అంచులు మడిచి కొట్టాలి, లేకపోతే కాలు కోసుకుంటుంది.

మిగతావి

బల్లని నారు పోసుకునే బల్లగా వాడొచ్చు. పై పలకలో సందులు లేకపోతే ఒక వైపు కాళ్లు అర అంగుళం కొయ్యండి, నీరు అటు జారిపోతుంది. బేతు అల్లిక పోయిన కుర్చీలో ఆ చట్రం మధ్య కుండీ సరిగ్గా కూర్చుంటుంది. కోతులు వచ్చే వీధి అయితే కుండీని కుర్చీకి తీగతో కట్టండి. మా వీధిలో కుండీ పగలని నెల లేదు. కుట్టు మిషను ఇనుప స్టాండు దొరికితే ఎవరికీ ఇవ్వకండి. పైన కడప బండ ముక్క వేస్తే మనకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

వానలు వెనకబట్టాక కార్తీకంలో ఒకసారి, ఎండల ముందు మాఘంలో ఒకసారి అన్నిటినీ తిప్పి చూడండి. బోల్టులు బిగించండి, కాళ్ల అడుగులకి మళ్లీ నూనె, రాళ్ల మీద చెద గొట్టాలు ఉన్నాయేమో చూడండి. స్క్రూడ్రైవర్ దిగే ముక్క కనిపిస్తే మొహమాటపడకుండా తీసి మార్చండి. తీసిన ముక్క రంగు లేనిదైతే పొయ్యిలో పెట్టుకోండి. పాత రంగు ఉన్నదాన్ని మాత్రం స్నానాల పొయ్యిలో కూడా కాల్చకండి, సీసం పొగలోనూ బూడిదలోనూ మిగులుతుంది. ఆ బూడిద మళ్లీ తోటకూర మడిలోకే వెళ్తుంది.